మామిడి మొక్కల పెంపకం డబ్బు ఏడాదిన్నరగా రాలేదు, పూడిపోయిన పంట కుంటకు ఏమైనా ఇస్తారా?

పడమటి గెనిమ:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లాలో పడమటి వైపు మండలం. ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు, ఎందుకంటే మా నాయన రేపు మళ్లీ అదే ఆఫీసు మెట్లెక్కాలి. నేను బెంగళూరులో పని చేస్తాను, రెండు వారాలకోసారి ఊరికి వచ్చిపోతుంటాను.

విషయం ఏమంటే, రెండున్నరేళ్ల కింద మా రెండెకరాల మెట్ట చేనులో ఉపాధి హామీ కింద మామిడి పెట్టాము. అంతకు ముందు అది శెనక్కాయల చేను. వాన సరిగ్గా పడితే పంట, లేకపోతే వేసిన విత్తనం కూడా చేతికి రాదు, ఆ చేనును నమ్ముకుని మా నాయన ముప్పై ఏళ్లు గడిపినాడు. 140 మొక్కలు నాటాము, అన్నీ తోతాపురే, గెనిమ (చేను గట్టు) వెంబడి మాత్రం నాలుగైదు బేనిషా (బంగినపల్లి). గుంతలు తీసిన కూలి మా అమ్మకూ, కూడా వచ్చిన వాళ్లకూ ఖాతాల్లో పడింది, దాంట్లో ఏ గొడవా లేదు. మొదటి ఏడాది నీళ్లు పోసినదానికి కూడా కొన్ని నెలలు డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఇప్పటికి ఏడాదిన్నర. ఫీల్డ్ అసిస్టెంటును అడిగితే బిల్లు పెట్టేశామంటాడు, మండలంలో అడిగితే పైనుంచి రావాలంటారు. పైనుంచి అంటే ఎక్కడినుంచో ఎవరూ చెప్పరు. ఈ లోపల ఎండాకాలం మొక్కలు ఎండిపోకుండా ట్యాంకరు నీళ్లు కొని పోసినాము, ఆ ఖర్చంతా చేబదులే.

రెండోది పంట కుంట. చేను పల్లం మూలలో 10 మీటర్లకు 10 మీటర్ల కుంట అంతకు ముందెప్పుడో ఉపాధి కింద తవ్వారు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన ఆ వానలకే మా పైచేల మట్టంతా కొట్టుకొచ్చి సగానికి పైగా పూడిపోయింది. బాగున్నప్పుడు దానివల్ల మా బోరుకు, పక్కన మా పెద్దనాయన బోరుకు కూడా నీళ్లు నిలిచేవి. పూడిక తీయించుకోవడానికి ఏదైనా పథకం ఉందా?

మూడోది, ఇది అడగడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. అమెరికాలో ఉండే మా చిన్నాయన కొడుకు ఫోనులో మాట్లాడుతూ, అక్కడ కొన్ని పొలాల్లో పంట పెట్టకుండా గడ్డి పెంచి వదిలేస్తే నేల కొట్టుకుపోకుండా కాపాడినందుకు గవర్నమెంటు ఏటా రైతుకు కౌలు లాగా డబ్బు ఇస్తుందని చెప్పినాడు. మా నాయన ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మనం నీళ్లు లేక ఎన్నేళ్లు బీడు పెట్టుకున్నామో లెక్క కడితే ఎంతవుతుందో" అన్నాడు. అది నిజమేనా? మన దగ్గర అలాంటిది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. ఎవరినీ తిట్టాలని కాదు, నాయన టెన్షన్ తగ్గితే చాలు నాకు.

తోపు కాపరి:

తమ్ముడూ, నేను తిరుపతి జిల్లాలో ఉపాధి హామీలో టెక్నికల్ అసిస్టెంటుగా కొన్నేళ్లు చేసి బయటికి వచ్చిన మనిషిని, ఇప్పుడు మాకు సొంత తోపు ఉంది, కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను.

ముందు "పైనుంచి రావాలి" అనే మాట సంగతి. ఉపాధిలో డబ్బు రెండు దారుల్లో వస్తుంది. కూలి డబ్బు మొత్తం కేంద్రానిది, మస్టరు (కూలీల హాజరు పట్టీ) మూసి, కొలతలు ఎం బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కి, చెల్లింపు ఆర్డరు తయారైతే కేంద్రం నుంచి నేరుగా కూలీ ఖాతాలో పడుతుంది. సామగ్రి డబ్బు, అంటే మొక్కలు, ఎరువు, ఊతకర్రలు వగైరా, అందులో కేంద్రం నాలుగింట మూడు వంతులు, రాష్ట్రం ఒక వంతు ఇవ్వాలి. ఈ రెండో దారిలోనే ఆలస్యాలన్నీ. అందుకే గుంతల కూలి వెంటనే వచ్చి, మిగతాది ఆగినట్టు మీకు కనిపిస్తుంది. మీకు రావాల్సింది కూలి పద్దులో ఉందా, సామగ్రి పద్దులో ఉందా అని ముందు అడగండి, ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివాళ్లు కూడా సరిగ్గా కూర్చుని చెబుతారు. కూలి పద్దే అయితే మస్టరు మూసిన 15 రోజుల్లో పడాలని చట్టంలోనే ఉంది, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం కూడా ఉంది. ఆ పరిహారం చాలా చిన్న మొత్తం, కానీ అడిగితే ఆలస్యం ఎక్కడ జరిగిందో రికార్డులో రాయాల్సి వస్తుంది, అదీ దాని ఉపయోగం.

రెండో అనుమానం నాకు బలంగా ఉంది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్ ఆధారంగానే వేస్తున్నారు. అంటే మీరు జాబ్ కార్డులో ఇచ్చిన ఖాతా నంబరుకు కాదు, మీ ఆధార్ చివరగా ఏ బ్యాంకుకు లింకయి ఉందో ఆ బ్యాంకుకు పోతుంది. మధ్యలో ఎవరైనా కొత్త ఖాతా తెరిచి ఆధార్ కాగితం మీద సంతకం పెట్టారంటే డబ్బు ఆ ఖాతాకు మళ్లుతుంది, పాత పాసుబుక్కు ఎన్నిసార్లు ప్రింటు వేయించినా ఏమీ కనిపించదు. మా మండలంలో ఇలాంటివి నేనే ఎన్నో చూశాను. ఆధార్ వెబ్‌సైటులో లాగిన్ అయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. జాబ్ కార్డు ఎవరి పేరు మీద ఉందో వాళ్లది చూడండి, పట్టాదారుది కాదు.

ఇంకొకటి, మొక్కల పెంపకం డబ్బు ఊరికే నెల నెలా రాదు. ఎవరో ఒకరు చేనుకు వచ్చి బతికున్న మొక్కలు లెక్కపెట్టి రాయాలి. మీ చేనుకు చివరిసారి లెక్కకు ఎప్పుడు వచ్చారో మీ అమ్మను అడగండి. రాలేదంటే బిల్లు పెట్టామన్న మాటే నిజం కాదు.

కుంట గురించి: ఊరి చెరువు, ఊరుమ్మడి కుంట పూడికతీత ఉపాధి పనుల్లో ఉంది. ఒకసారి తవ్విన సొంత పంట కుంటను మళ్లీ పూడిక తీయడానికి మాత్రం నేను పనిచేసినన్నాళ్లూ మా మండలంలో ఒక్క పని కూడా మంజూరు కాలేదు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. కొత్త కుంట తవ్వితే టార్గెట్‌లో లెక్క వస్తుంది, పాతది బాగుచేస్తే ఏ లెక్కలోకీ రాదు. అందుకని ఒకే ఊర్లో పూడిపోయిన కుంటలు పది ఉంటే, వాటి పక్కనే కొత్తవి తవ్వాము. ఆ కొలతలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

చంద్రగిరి టు కాన్సస్:

మీ తమ్ముడు చెప్పింది నిజమే అన్నా. నాది చంద్రగిరి పక్కన, ఇప్పుడు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఉంటున్నాను. నేను రైతును కాదు కానీ మా ఆఫీసులో ఒకాయనకు వాళ్ల నాన్న పొలం అందులో ఉంది, ఆయన దగ్గర కాగితాలు చూసి, అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

దాని పేరు కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, సీఆర్‌పీ అంటారు. 1985 వ్యవసాయ చట్టంతో మొదలైంది. అసలు దాని వెనక చాలా పాత భయం ఉంది, 1930ల్లో ఈ ప్రాంతాల్లో గడ్డి నేలలన్నీ దున్నేశాక కరువొచ్చి, గాలికి పైమట్టంతా లేచిపోయి పగలే చీకటయ్యేదట. 1935లో నేల కాపాడడానికే ఒక ప్రభుత్వ శాఖ పెట్టారు. సీఆర్‌పీ ఆ వరుసలోనిదే. తేలిగ్గా కోతకు గురయ్యే పొలాన్ని రైతు 10 నుంచి 15 ఏళ్లకు ఒప్పందం రాసి ఇస్తాడు, అందులో పంట పెట్టకూడదు, గడ్డో చెట్లో పెంచాలి, ప్రభుత్వం ఏటా ఎకరాకు ఇంత అని అద్దె ఇస్తుంది. గడ్డి నాటే ఖర్చులో సగం దాకా కూడా ఇస్తారు. అద్దె ఆ కౌంటీలో, ఆ రకం నేలకు మామూలుగా కౌలు ఎంత పోతుందో దాన్నిబట్టి ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, కానీ జనం చాలా తక్కువ.

అయితే ఊరికే బీడు పెడితే ఇచ్చేది కాదు, ఇది మీ నాయనకు తప్పకుండా చెప్పండి. చట్టంలో చెప్పిన ఆరేళ్లలో కనీసం నాలుగేళ్లు పంట పెట్టిన భూమి అయి ఉండాలి. మామూలు దరఖాస్తులకు పోటీ ఉంటుంది, నీళ్లకు, నేలకు, పక్షులకు ఎంత మేలో మార్కులు వేసి, ఎక్కువ వచ్చిన వాళ్లకే ఇస్తారు. మధ్యలో దున్నితే అప్పటిదాకా తీసుకున్న డబ్బంతా వడ్డీతో తిరిగి కట్టాలి, పైన జరిమానా. ఒక మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు దాటి ఇవ్వరు. ఒక కౌంటీలో సాగు భూమిలో 25 శాతం కంటే ఎక్కువ ఇందులోకి పోకూడదనే రూలు కూడా ఉంది. ఎందుకంటే అందరూ పొలాలు వదిలేస్తే ఆ ఊళ్లో విత్తనాల అంగడి, ఎరువుల అంగడి, ట్రాక్టరు మెకానిక్కు, వీళ్లందరూ మూసుకోవాల్సిందే కదా. దేశం మొత్తానికి 2023కి 2.7 కోట్ల ఎకరాలు అని హద్దు పెట్టారు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఈ పనులు చూసే కౌంటీ ఆఫీసు పక్కన రైతులే ఓట్లేసి ఎన్నుకునే కమిటీ ఉంటుంది. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ సమాచార చట్టం కింద లెక్కలు తీసుకుని, ఏ కౌంటీలో ఎవరికి ఎంత సబ్సిడీ వచ్చిందో ఇంటర్నెట్‌లో పెడుతుంది. అది చూసే పెద్ద రైతులకు ఎక్కువ పోతోందని, చిన్నవాళ్లకు తక్కువని గట్టిగా వాదించుకుంటారు.

మన పరిస్థితి వేరు, ఇక్కడ ఒక్కొక్కరికీ వందల ఎకరాలు, మనకు రెండెకరాలు. రెండెకరాలను పదేళ్లు వదిలేస్తే తినేదేంటి? కాబట్టి ఇది అలాగే తెచ్చి మన దగ్గర పెట్టమని నేను అనడం లేదు. కానీ ఒక మాట మాత్రం గట్టిగా అనిపిస్తుంది. వీళ్లు ఇచ్చేది కాపాడినందుకు, కాపాడినన్నాళ్లూ ఇస్తారు. మన దగ్గర తవ్వినందుకు, నాటినందుకు, పైపులు వేసినందుకు ఒకసారి ఇచ్చి వదిలేస్తారు.

అనపకాయ:

కాన్సస్ అన్న చివర రాసిన మాట నాకు చాలా నచ్చింది, కానీ కౌలుదారుల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మేము పలమనేరు వైపు మూడెకరాలు కౌలుకు చేస్తాము, టమోటా, అనప, రాగులు. ఆ చేనుకు గెనిమలు వేసింది మేము, పైనుంచి వంక నీళ్లు రాకుండా రాళ్లు పేర్చింది మేము, ఎరువు తోలింది మేము. పథకం ఏదొచ్చినా పాసుబుక్కు ఎవరిదని అడుగుతారు. కౌలు రైతులకు కార్డు ఇవ్వడానికి 2019లో చట్టం చేశారు, 11 నెలలకు ఒప్పందం రాసుకోవాలి, దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. మా యజమాని మంచివాడే, కానీ సంతకం అనేసరికి భూమి పోతుందేమోనని భయపడతాడు. ఆయనను నేను తప్పు పట్టలేను.

అన్నా, అక్కడ కౌలు రైతు చేసే భూమిని యజమాని ఆ పథకంలో పెట్టేస్తే కౌలుదారు సంగతేంటి? మన దగ్గర రేపు అలాంటిది వస్తే మొదట చేను ఖాళీ చేయమనేది మమ్మల్నే. పదకొండు నెలల కాగితం మీద ఉన్నవాళ్లు పదేళ్లకు నేలను ఎలా కాపాడతారు? ఏనుగులు వచ్చి తొక్కేసినప్పుడు కూడా ఇదే గొడవ, కౌండిన్య అడవి పక్కన ఉండేవాళ్లకు తెలుసు, పంట మాది, పరిహారం అడగాలంటే కాగితం వేరేవాళ్లది.

చంద్రగిరి టు కాన్సస్:

అక్కా, మంచి ప్రశ్న. రూలు ప్రకారం ఆ భూమిలో కౌలుదారు ఉంటే ఆయనకు రావాల్సిన భాగం గురించి ఒప్పందంలో రాయాలి, ఆయనను బలవంతంగా తప్పించి యజమాని ఒక్కడే తీసుకోకూడదు. మా ఆఫీసాయనను అడిగితే, కాగితం మీద అలా ఉన్నా ఒప్పందం ముందు ఏడాదే కౌలు మానిపించేస్తే ఎవరూ ఏమీ చేయలేరని చెప్పాడు. ఇక్కడ కూడా భూమి లేనివాళ్లకు అది నష్టంగానే ఉందని ఆయన మాట.

పడమటి గెనిమ:

తోపు కాపరి అన్నా, మీకు చేతులెత్తి దండం. ఈ శనివారం ఊరికి వెళ్లి అమ్మ ఆధార్ చూశాను. జాబ్ కార్డులో పనిచేసింది అమ్మే కదా. ఆధార్ లింకయి ఉన్నది మేము అనుకున్న బ్యాంకు కాదు, డ్వాక్రా లోను కోసం రెండేళ్ల కింద తెరిచిన ఇంకో బ్యాంకు ఖాతా. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పోయిన ఏడాదంతా వేరే ఉపాధి పనికి పోలేదు, అందుకని తేడా తెలియలేదు. ఆ పాసుబుక్కు బీరువాలో బట్టల కింద ఉంది, తెరిచినప్పటి నుంచి ఒక్కసారి కూడా ప్రింటు వేయించలేదు. వేయిస్తే ఐదు నెలల నీళ్ల డబ్బు పడి ఉంది. అందులో కొంత లోను కంతు కింద బ్యాంకు పట్టేసుకుంది, అది ఎలాగూ కట్టాల్సిందే అనుకోండి, కానీ ఉపాధి డబ్బని తెలిసుంటే అమ్మ ఆ ఎండాకాలం ట్యాంకరుకు అప్పు చేసేది కాదు. అప్పిచ్చిన వాళ్ల ఇంటి ముందునుంచి పోవడానికి మొహమాటపడి చుట్టూ తిరిగి పోయేదట. ఈ సంగతి నాకు ఇప్పుడు చెప్పింది.

కానీ ఐదు నెలలే. మిగతా ఏడాదికి పైగా ఏమీ లేదు. మొక్కల లెక్కకు ఎవరైనా వచ్చారా అని అడిగితే, పోయిన సంక్రాంతి నుంచి ఎవరూ రాలేదంది. దీనికి ఏం చేయాలి?

తోపు కాపరి:

ఐదు నెలలైనా దొరికాయి, సంతోషం. మిగతాదానికి నోటి మాటతో తిరగడం మానేసి కాగితం పెట్టండి. సమాచార హక్కు కింద మండలంలో అడగాలంటే మన రాష్ట్రంలో ఫీజు 5 రూపాయలే, ఊరి స్థాయిలో అయితే అదీ లేదు, తెల్ల కార్డు ఉంటే ఎక్కడా కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నా డబ్బు ఎందుకు రాలేదు" అని రాయొద్దు, దానికి ఏదో ఒక సాకు రాసి పంపుతారు. పని ఐడీ వేసి, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఎం బుక్కు పేజీల నకలు, మొక్కలు లెక్కపెట్టిన తేదీలు, చెల్లింపు ఆర్డర్ల నంబర్లు ఇవ్వండి అని రాయండి. లేని కాగితం నకలు ఎవరూ ఇవ్వలేరు కదా, మనిషిని చేనుకు పంపిస్తారు. అక్కడ పని కాకపోతే సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, రసీదు తప్పకుండా తీసుకోండి.

ఇంకో మాట. కాన్సస్ తమ్ముడు అక్కడ ఎవరికెంత వచ్చిందో ఇంటర్నెట్‌లో ఉంటుందన్నాడు. మన ఉపాధి హామీలో కూడా ఉంది, చాలామందికి తెలియదు. వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ప్రతి జాబ్ కార్డు, ప్రతి మస్టరు, ప్రతి పనికి అయిన ఖర్చు కనిపిస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. సోషల్ ఆడిట్ కూడా 2006లో మన రాష్ట్రంలోనే, అనంతపురంలో పెద్ద ఎత్తున చేశారు. ఆడిట్ వాళ్లు ఊరికి వచ్చి ఇంటింటికీ అడుగుతారు, చివరన మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదువుతారు. ఆ రోజు కూలికి పోకుండా అక్కడికి పోయి కూర్చోండి. చదివే లెక్కలో మీ చేను పేరు వస్తుంది, మీ అమ్మ లేచి "మా చేనుకు ఎవరూ రాలేదు" అని చెప్పే చోటు అదొక్కటే.

నవధాన్యాల తాత:

అబ్బాయీ, నేను పాకాల వైపు వాడిని, వయసు డెబ్బై దాటింది. మా మనవరాలు నేను చెబుతుంటే రాస్తోంది.

ప్రకృతి వ్యవసాయం కింద ఏమైనా వస్తుందా అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ పని చేస్తోంది. నేను నాలుగేళ్లుగా తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతున్నాను, ఘన జీవామృతం (ఆవు పేడ, గోమూత్రంతో చేసే ఎరువు) కలిపిన విత్తనం, పొడి నేలలోనే చల్లేది. చిన్న వాన పడినా మొలుస్తాయి, నేల ఎండకు కాలకుండా పచ్చగా కప్పుకుంటుంది. మొదటి ఏడు మా కొడుకు ఒప్పుకోలేదు, విత్తనం దండగన్నాడు. రెండో ఏడు పెద్ద వాన వచ్చినప్పుడు పక్క చేలలోంచి ఎర్రటి నీళ్లు పోతుంటే, మా చేనులోంచి తేట నీళ్లు వచ్చాయి, అది చూశాక వాడే విత్తనం తెచ్చాడు. నీ కుంట పూడింది కూడా పై చేల మట్టితోనే అన్నావు. పై చేనువాళ్లు నేల కప్పకపోతే నువ్వు ఎన్నిసార్లు తీసినా మళ్లీ పూడుతుంది, ఇది మాత్రం గుర్తుంచుకో.

డబ్బు సంగతికొస్తే, 2024 నవంబరులో కేంద్రం ప్రకృతి వ్యవసాయానికి జాతీయ మిషన్ ఒప్పుకుంది, మొత్తం 2,481 కోట్లు. అందులో శిక్షణ తీసుకుని చేసే రైతుకు ఎకరాకు ఏడాదికి 4,000, రెండేళ్లు. ఒక్క ఎకరాకే. గుంపుగా, క్లస్టరుగా చేసేవాళ్లకే వస్తుంది, ఒంటరిగా పోయి అడిగితే రాదు, కాబట్టి మీ ఊరు లిస్టులో ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో అడుగు. రెండేళ్ల తర్వాత ఏంటని నేనూ అడిగాను. నేల బాగుపడింది కదా, ఇంక నీకే లాభం అన్నారు. నిజమే, లాభమే. కానీ మా కింద చేలకు కూడా మట్టి పోకుండా ఆపుతున్నాను, ఆ ఊరి చెరువు పూడకుండా ఆపుతున్నాను, అది నా ఒక్కడి లాభం కాదు.

డ్రిప్పు పెట్టుకోకుంటే ముందు అది పెట్టుకో. 5 ఎకరాల లోపు వాళ్లకు 90 శాతం సబ్సిడీ ఉంది, ఎస్సీ, ఎస్టీ వాళ్లకు పూర్తిగా. సబ్సిడీ నీ చేతికి రాదు, కంపెనీకి పోతుంది, నీ వాటా నువ్వు కడితే వాళ్లు వచ్చి బిగించి పోతారు. అదే చేనుకు మళ్లీ ఏడేళ్ల దాకా ఇవ్వరు. అందుకని ఫిల్టరు కడగడం, పైపుల చివర్లు విప్పి నీళ్లు వదలడం మానవద్దు. మా పక్క చేనులో రెండేళ్లకే ఎలుకలు కొరికాయి, ఉప్పు నీళ్లకు రంధ్రాలు మూసుకుపోయాయి, బాగుచేయడానికి పైకం లేక చుట్టి చింత చెట్టు కింద పడేశారు. కొత్తవి బిగించడానికి అంత ఇచ్చిన గవర్నమెంటు బాగుచేసుకోవడానికి ఏడాదికి కొంచెం ఇచ్చుంటే ఆ పైపులు ఇప్పటికీ నీళ్లు పారించేవి.

అనపకాయ:

తాతా, మీరు చెప్పిన తేట నీళ్ల మాట మా ఆయనకు చదివి వినిపించాను. ఈసారి వాన ముందు ఒక ఎకరంలో చల్లి చూస్తాము. కౌలు చేనైనా సరే, యజమానికి చెప్పే చేస్తాము. మీ దగ్గర విత్తనాలు ఏ ఏ రకాలు, ఎకరాకు ఎంత కలుపుతారో మనవరాలితో రాయించండి.

పడమటి గెనిమ:

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు.

తోపు కాపరి అన్న చెప్పినట్టే సమాచార హక్కు కాగితం పెట్టాము. జవాబు రాకముందే, ఇరవై రోజులకు, ఇద్దరు చేనుకు వచ్చారు. మొక్కలు లెక్కపెట్టారు, ఫోటోలు తీశారు. 140లో 121 బతికున్నాయి. పోయిన 19 కూడా ఎక్కువ భాగం గట్టున, నీళ్లు అందని చోట. వచ్చినాయన మర్యాదగానే మాట్లాడినాడు, ఒక్కడే ఇన్ని పంచాయతీలు చూడాలి, బండికి పెట్రోలు కూడా సొంత డబ్బే అన్నాడు. ఎం బుక్కు నకలు తర్వాత వచ్చింది, మధ్యలో పదమూడు నెలలు ఒక్క నమోదు కూడా లేదు. అంటే బిల్లు పెట్టామన్న మాట ఉత్తదే. పోయిన నెలల డబ్బు ఇవ్వడం కుదరదంటున్నారు, లెక్క తీయలేదు కాబట్టి ఇప్పటి నుంచే అంటున్నారు. నీళ్లు పోయకుండా 121 మొక్కలు బతుకుతాయా అని నాయన అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. ఈ నెల బిల్లు మాత్రం ఎక్కింది, అమ్మ సరైన ఖాతాలోనే పడుతుందని చూసుకున్నాము.

కుంటకు ఏ పథకమూ దొరకలేదు. మేము, పెద్దనాయన వాళ్లు కలిసి జేసీబీ పెట్టించుకుని సగం సగం పంచుకున్నాము. తీసిన ఒండ్రు మట్టి మామిడి పాదుల్లోనే వేసినాము. పై చేను మా మామ వరస ఆయనది, ఆయనతో నాయన మాట్లాడినాడు, గెనిమ ఎత్తు పెంచి, ఈసారి నవధాన్యాలు చల్లడానికి ఒప్పుకున్నాడు, విత్తనం ఖర్చు మాది. తాతకు ఫోనులో చెప్పాలనుంది, మనవరాలు ఇక్కడ ఉంటే తాతకు ఈ మాట చెప్పమ్మా.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో రెండు అర్జీలు ఇస్తున్నాము. ఒకటి ఆ పదమూడు నెలల గురించి. రెండోది మా ఊర్లో పూడిపోయిన పంట కుంటల గురించి, నాయన, పెద్దనాయన చేలెంబడి తిరిగి లెక్కపెట్టినారు, పద్నాలుగు ఉన్నాయి. కొత్తవి తవ్వే ముందు వీటిని బాగుచేయడానికి, బాగుచేసినవాళ్లకు ఏటా చూసుకోవడానికి కొంత ఇవ్వమని రాసినాము. సర్వే నంబర్లు, ఫోటోలు అన్నీ జతచేశాము. మీ ఊళ్లలో కూడా ఇలా పూడినవి ఉంటే లెక్క రాసుకుని రండి. పొద్దున తొమ్మిదికల్లా చిత్తూరు బస్టాండులో ఉంటాము, కలిసి పోదాము.